అశ్వత్థామ నుంచి ఘాజీ దాకా: యుద్ధంలో మోసం గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: సార్, నేను పొదిలి వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతికి నాజీయిజం పాఠం చెబుతూ రెండో ప్రపంచ యుద్ధంలో గూఢచారుల గురించి రెండు మాటలు అన్నాను. ఆ రోజు నుంచి పిల్లలు వదలడం లేదు, ఇంకా చెప్పండి టీచర్ అంటూ వెంటపడుతున్నారు. స్టాఫ్ రూంలో మాత్రం ఇది సిలబస్‌లో లేదు, పైగా పిల్లలకి మోసం నేర్పినట్టు అవుతుంది అంటున్నారు. ఎలాగోలా మూడు పీరియడ్లు సర్దుకోగలను. ప్రొజెక్టర్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక సోషల్ టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: మేడం, తప్పకుండా చెప్పండి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అడుగుతున్న విషయం దొరకడం మన ఉద్యోగంలో ఎంత అరుదో మీకు తెలుసు. నేను కందుకూరు చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను. గంట కొట్టినా పిల్లలు లేవని క్లాసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో రెండు మూడు ఈ విషయం మీదే. కాకపోతే గూఢచారుల సాహసాలతో మొదలుపెడితే అది సినిమా కథ అయిపోతుంది, పిల్లలు వింటారు గానీ ఏమీ మిగలదు. అబద్ధం చెప్పినవాడి తెలివి సంగతి తర్వాత, ముందు నమ్మినవాడు ఎందుకు నమ్మాడు అని అడగండి. నేను మీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి ఉదాహరణలు.

మొదటి పీరియడ్‌లో జర్మనీకి వెళ్ళొద్దు, నెల్లూరులోనే ఉండండి. మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన పదమూడో శతాబ్దంలో భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టిందే విరాటపర్వంతో, అంటే మారువేషాల కథతో. పాండవులు ఆయుధాలు జమ్మి చెట్టు మీద దాచి, అక్కడ శవం ఉందని జనం అనుకునేలా చేసి వెళ్ళిపోయారు. దసరాకి జమ్మి చెట్టు చుట్టూ తిరిగిన పిల్లలకి ఈ కథ తెలిసే ఉంటుంది, కానీ ఇలా అడిగి ఉండరు: ఆ చెట్టుకి తాళం లేదు, కాపలా లేదు, ఏడాది పాటు ఆయుధాలు ఎలా భద్రంగా ఉన్నాయి? కాసేపు వదిలేయండి. ఎవరో ఒకరు "భయం టీచర్, మైల టీచర్" అంటారు. అంతే. చూసేవాడి మనసులో ముందే ఉన్న భయాన్నే వాళ్ళు కాపలా పెట్టారు.

అదే కథలో రెండో వైపు కూడా చూపించండి. దుర్యోధనుడి వేగులు దేశమంతా తిరిగి పాండవులు దొరకలేదని తిరిగొస్తారు, కానీ వస్తూ వస్తూ విరాటుడి కొలువులో కీచకుడు చచ్చాడన్న వార్త మోసుకొస్తారు. వెతికిన మనుషులు దొరకలేదు, వాళ్ళు చేసిన పని దొరికింది. భీష్ముడైతే ఇంకా ముందుకెళ్ళి, ధర్మరాజు ఉన్న దేశంలో వానలు బాగా కురుస్తాయి, పంటలు బాగుంటాయి, అలాంటి చోట వెతకండి అంటాడు. కంటికి కనపడని దాన్ని దాని జాడలని బట్టి పట్టుకోవడమే ఇంటెలిజెన్స్ అని పిల్లలకి నిర్వచనం రాయించక్కర్లేదు, ఈ రెండు సంగతులు చెబితే చాలు.

ఇక ద్రోణుడు. ఇక్కడ మాత్రం తొందరపడకండి, పీరియడ్ మొత్తం పోయినా పర్వాలేదు. అశ్వత్థామ అనే ఏనుగుని భీముడు చంపి, అశ్వత్థామ చచ్చాడని అరిచాడు. ద్రోణుడు వెంటనే నమ్మలేదు, ఇది గమనించమనండి. భీముడి మాట చాలదని ఎన్నడూ అబద్ధమాడని ధర్మరాజుని అడిగాడు. అంటే వార్తని సరిచూసుకున్నాడు, మనం ఇవాళ పిల్లలకి చెయ్యమని చెప్పే పనే చేశాడు. మరి ఎందుకు మోసపోయాడు? నేను ఈ ప్రశ్న అడిగినప్పుడు చాలామంది "ధర్మరాజు అబద్ధం చెప్పాడు కాబట్టి" అన్నారు. ఒక పిల్లవాడు మాత్రం లేచి, "ఇద్దరూ ఒకే సైన్యం వాళ్ళు కదా సార్, రెండోసారి కూడా వాళ్ళనే అడిగాడు" అన్నాడు. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ పిల్లవాడి దగ్గరే నేర్చుకున్నాను. ద్రోణుడు అడిగింది ఇద్దరినే గానీ ఆ ఇద్దరి మాటా ఒకే చోట పుట్టింది. పైగా తన కొడుకు గురించిన భయం లోపల ఉంది. ఏళ్ళ తరబడి నిజమే చెప్పి సంపాదించుకున్న పేరుని ధర్మరాజు ఒక్క మాట కోసం ఖర్చు పెట్టాడు. దాని ఫలితమే, నేలకి నాలుగు అంగుళాల పైన నడిచే ఆయన రథం నేల మీదికి దిగింది.

రెండో పీరియడ్ మన సముద్రం. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ పిల్లలు సినిమాగా చూసి ఉంటారు, మీరు సినిమాలో లేని భాగం చెప్పండి. మన విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉండి పూర్తి వేగంతో వెళ్ళలేని స్థితిలో ఉంది. దాన్ని వెతికి ముంచడానికి ఘాజీ నవంబర్‌లో కరాచీ నుంచి బయలుదేరి, శ్రీలంక చుట్టి, ముందు మద్రాసు దగ్గర వెతికి, తర్వాత విశాఖ వైపు వెళ్ళింది. మ్యాప్ వేలాడదీసి మద్రాసు నుంచి విశాఖకి వేలితో గీత గీయించండి. ఆ వేలు మన కృష్ణపట్నం, రామాయపట్నం, కొత్తపట్నం తీరాలకి తూర్పున ఉన్న సముద్రం మీదుగానే వెళుతుంది. నేను గీయించినప్పుడు పల్లెపాలెం నుంచి వచ్చే పిల్లలు ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు, వాళ్ళ నాన్నలు రోజూ వేటకి వెళ్ళే నీళ్ళు కదా అవి.

విక్రాంత్ మాత్రం అప్పటికే అండమాన్ వైపు దాక్కుని ఉంది. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించాలనుకున్నారు. రాజ్‌పుత్ అనే పాత నౌకని బయటికి పంపి పెద్ద నౌకలా వైర్‌లెస్ సందేశాలు ఎక్కువగా పంపించారు. ఒక నావికుడి పేరుతో, తల్లి ఒంట్లో ఎలా ఉందో అడుగుతూ మామూలు టెలిగ్రామ్ లాంటిది కూడా పంపించారు. నాకు అన్నిటికంటే నచ్చేది సరుకుల సంగతి. విశాఖ బజారులో మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున కొనిపించారు, వెయ్యి మందికి పైగా సిబ్బంది ఉన్న నౌక రేవులో ఉంటే తప్ప అంత అవసరం ఉండదు. మన ఊళ్ళో పెళ్ళి కుదిరిందని ఎవరూ చెప్పకపోయినా కిరాణా కొట్టాయనకి ముందే తెలుస్తుంది, కందిపప్పు ఎన్ని బస్తాలు అడిగారో చూస్తాడు గనక. పిల్లలని అడగండి, మీ ఇంటి చెత్తబుట్ట చూసి మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పగలరా అని. వాళ్ళే ఇరవై గుర్తులు చెబుతారు.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ బయట ఘాజీ మునిగిపోయింది, అందులో ఉన్న 90 మందికి పైగా చనిపోయారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతో, అంటే నీటి లోపల పేలే బాంబులతో, మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్లో, అది తెచ్చుకున్న మైన్ల వల్లో మునిగిందని పాకిస్తాన్ వైపు వాదన. రెండూ బోర్డు మీద రాసి, ఏది నిజమని తేల్చాలంటే మీకు ఏ ఆధారాలు కావాలో రాయండి అని చెప్పండి. మన దేశం మాటే చెప్పాలి కదా అని మీకు టెన్షన్ అక్కర్లేదు. విక్రాంత్‌ని కాపాడిన తెలివి ఏ వాదనలోనూ తగ్గదు. ఆ 90 మంది కూడా ఎవరో ఒకరి పిల్లలే అన్న మాట కూడా ఆ పీరియడ్‌లోనే చెప్పండి, నేను ఎప్పుడూ చెప్పేవాణ్ణి.

ఇక్కడ ఒక ఆట ఆడించండి, ప్రొజెక్టర్ కంటే ఎక్కువ పనిచేస్తుంది. క్లాసుని రెండు జట్లు చేసి, ఒక జట్టు బంతిని వాటర్ ట్యాంక్ దగ్గరో, సైకిల్ స్టాండ్‌లోనో, వంటగది వెనకో దాచి రెండో జట్టుకి అయిదు చీటీలు పంపాలి. వాటిలో కనీసం రెండు నిజం ఉండాలి. నేను ఆడించినప్పుడు మగపిల్లల జట్టు చీటీలు తెరవకముందే వాటర్ ట్యాంక్ అని తేల్చేసుకుంది, ఎందుకంటే క్రితం సారి అవతలి జట్టు దాచింది అక్కడే. ఆ తర్వాత ఏ చీటీ చదివినా అది ట్యాంక్‌నే చెబుతున్నట్టు వాళ్ళకి కనపడింది. తర్వాతి రౌండ్‌లో ఒక అమ్మాయి చీటీలు పక్కన పెట్టేసి అవతలి జట్టు చెప్పులు చూసింది. ఇద్దరి చెప్పులకి తడి బూడిద అంటుకుని ఉంది. వంటపాత్రలు తోమే చోటు వంటగది వెనకే. నేరుగా వెళ్ళి బంతి పట్టుకొచ్చింది.

ఆ ఓడిపోయిన జట్టుని గుర్తుపెట్టుకుని మూడో పీరియడ్‌కి వెళ్ళండి, ఇప్పుడు జర్మనీ వంతు. 1944లో మిత్రరాజ్యాలు ఇంగ్లీష్ చానల్ దాటి ఫ్రాన్స్‌లో దిగుతాయని హిట్లర్‌కి తెలుసు, ఎక్కడ అన్నదే తెలియదు. అన్నిటికంటే దగ్గరి దారి ఫ్రాన్స్‌లోని కలే (Calais) తీరం, కాబట్టి అక్కడే దిగుతారని జర్మన్ సేనానుల్లో చాలామంది ముందే అనుకున్నారు. బ్రిటిష్ వాళ్ళు ఆ నమ్మకాన్ని మార్చాలని చూడలేదు, దానికే నీళ్ళు పోశారు. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో లేని సైన్యాన్ని ఉన్నట్టు చూపించి, దానికి అమెరికా జనరల్ ప్యాటన్‌ని అధిపతిగా పెట్టి, గాలి నింపిన రబ్బరు ట్యాంకులు, ఉత్తుత్తి పడవలు, తప్పుడు వైర్‌లెస్ సందేశాలు అన్నీ వాడారు. దాని పేరు ఆపరేషన్ ఫార్టిట్యూడ్. అందులో అసలు మనిషి స్పెయిన్ దేశస్థుడు హువాన్ పుహోల్ గార్సియా, బ్రిటిష్ వాళ్ళు గార్బో అని పిలిచేవాళ్ళు. తన కింద 27 మంది ఏజెంట్లు పనిచేస్తున్నారని జర్మన్లని నమ్మించాడు, వాళ్ళలో ఒక్కరూ నిజంగా లేరు. జూన్ 6 తెల్లవారుజామున సైన్యం ఫ్రాన్స్‌లోనే ఇంకో తీరం నార్మండీలో దిగబోతుంటే, దాడికి బయలుదేరారన్న నిజాన్ని కావాలనే జర్మన్లకి పంపించాడు, వాళ్ళు దాన్ని వాడుకునే టైం లేకుండా. దాంతో అతని మీద నమ్మకం ఇంకా పెరిగింది. మూడు రోజుల తర్వాత, నార్మండీ ఉత్తదే, అసలు దాడి కలే మీద అని పంపిన సందేశాన్ని నమ్మి జర్మన్లు పెద్ద సైన్యాన్ని కలే దగ్గరే ఉంచేశారు. జర్మనీ అతనికి ఐరన్ క్రాస్ ఇచ్చింది, బ్రిటన్ కూడా పతకం ఇచ్చింది.

ఇప్పుడు పిల్లలని అడగండి, ఈయనా ధర్మరాజూ ఒకే పని చేశారా, వేరే పని చేశారా? నాకైతే పని ఒకటే అనిపిస్తుంది, ముందు నిజాలతో నమ్మకం కట్టి తర్వాత దాన్ని వాడుకోవడం. మీ పిల్లలు ఒప్పుకోకపోతే ఇంకా మంచిది, వాదించనివ్వండి.

మోసం చేసేవాళ్ళు మోసపోరని మాత్రం అనుకోనివ్వకండి. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన నూర్ ఇనాయత్ ఖాన్ 1943లో బ్రిటిష్ వైర్‌లెస్ ఆపరేటర్‌గా పారిస్‌లో పనిచేసింది. ఆమె పట్టుబడ్డాక జర్మన్లు ఆమె రేడియో మీద ఆమె పేరుతోనే లండన్‌కి సందేశాలు పంపితే లండన్ నమ్మింది. ఆ నమ్మకంతో పారాచూట్‌లలో దింపిన ఏజెంట్లు నేరుగా శత్రువు చేతుల్లో పడ్డారు. నూర్‌ని 1944 సెప్టెంబర్‌లో దాహౌ క్యాంపులో కాల్చి చంపారు.

చివరి పదిహేను నిమిషాలు ఫోన్‌కి ఇవ్వండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఒక మాట ఉంది, ముగ్గురు వేగులు ఒకే మాట చెబితే అప్పుడు నమ్మమని. ఆ వేగులు ఒకరికొకరు తెలియకూడదని కూడా ఉంది, కీలకం అక్కడే ఉంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో వీడియో గేమ్ క్లిప్పులు అసలు యుద్ధం దృశ్యాలంటూ ఫోన్లలో తిరిగాయి, అవి గేమ్ క్లిప్పులేనని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లోనే ఒక వీడియో అయిదు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిందని, కాబట్టి నిజమేనని గట్టిగా వాదించారు. అయిదు గ్రూపుల్లో వచ్చినా అది ఒక్కడు పంపిన ఒక్క వీడియోనే. ద్రోణుడి దగ్గరికి వచ్చిన రెండు మాటల్లాంటిదే. పిల్లలు ఈ పోలిక ఇట్టే పట్టుకుంటారు, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళకి కూడా చెబుతారు. రైల్లో, హైవే మీద మిలిటరీ వాహనాలు కనపడితే ఫొటో తీసి స్టేటస్ పెట్టొద్దని కూడా అప్పుడే చెప్పండి. 2008 ముంబై దాడుల్లో అవతలి నుంచి ఫోన్లో ఆదేశాలు ఇచ్చినవాళ్ళు మన టీవీల లైవ్ చూసే కమాండోల కదలికలు తెలుసుకున్నారు. ఇది చెబితే వద్దని మళ్ళీ చెప్పే పని ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ట్యూషన్ ఎగ్గొట్టి క్రికెట్‌కి వెళ్ళి, ట్యూషన్‌కే వెళ్ళానని చెప్పాడు. నిలదీస్తే "యుద్ధంలో కృష్ణుడే అబద్ధం చెప్పించాడు కదమ్మా" అన్నాడు. ఇలాంటివి స్కూల్లో చెప్పడం వల్లే కదా?
ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీ కోపం నాకు అర్థమైంది, కానీ వాడు ఆ కథ సగమే విన్నాడు. మిగతా సగం మీరు చెప్పండి. యుద్ధంలో కూడా అన్ని మోసాలూ చెల్లవు. ఉత్తుత్తి ట్యాంకులు పెట్టొచ్చు, తప్పుడు వార్తలు పంపొచ్చు, ఆకులు కప్పుకుని దాక్కోవచ్చు. లొంగిపోతున్నట్టు తెల్లజెండా చూపించి దగ్గరికొచ్చాక కాల్చడం, రెడ్‌క్రాస్ గుర్తు వేసుకుని దాడి చేయడం మాత్రం నేరం. 1977 జెనీవా ప్రోటోకాల్‌లో ఈ తేడా స్పష్టంగా రాశారు. ఎందుకో వాడినే ఆలోచించమనండి. తెల్లజెండా ఒకసారి అబద్ధమైతే, రేపు నిజంగా లొంగిపోయేవాణ్ణి కూడా కాల్చేస్తారు. కొన్ని గుర్తులని శత్రువులు కూడా నమ్ముకోగలగాలి. ఇక మీరూ వాడూ శత్రువులు కాదు, ఒకే ఇంట్లో అన్నం తినేవాళ్ళు, వాడి మాట మీకు ఆ తెల్లజెండా లాంటిది.

ఇంకో సంగతి కూడా చెప్పండి. 1943లో బ్రిటిష్ వాళ్ళు ఒక శవానికి మేజర్ విలియం మార్టిన్ అని పేరు పెట్టి, చేతి సంచిలో దొంగ ఉత్తరాలు పెట్టి స్పెయిన్ తీరంలో వదిలారు. అది నమ్మి జర్మన్లు గ్రీస్ వైపు చూస్తుంటే సైన్యం సిసిలీలో దిగింది. చాలామంది సైనికుల ప్రాణాలు దక్కాయి. ఆ శవం గ్లిండర్ మైకేల్ అనే నిలువ నీడ లేని పేదవాడిది, ఆయన్ని ఎవరూ అడగలేదు, అడిగే వీలూ లేదు. స్పెయిన్‌లోని సమాధి మీద ఆయన అసలు పేరు చెక్కడానికి 1998 దాకా పట్టింది. ఈ రెండూ విన్నాక వాడేమంటాడో వినండి. ముందే తిట్టకండి, ఆ ట్యూషన్ ఎందుకు నచ్చలేదో కూడా అదే సాయంత్రం అడగండి.

ప్రశ్న: నేను పదో తరగతి. పెద్దయ్యాక ఇంటెలిజెన్స్‌లో పనిచేయాలని ఉంది. నాన్న అది ఆడపిల్లల ఉద్యోగం కాదంటున్నారు. ఏం చదవాలి సార్?
ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: తల్లీ, నాన్నగారికి ఈ ఒక్క సంగతి చెప్పు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పిన బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో పనిచేసినవాళ్ళలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళే. జర్మన్లు సందేశాలని రహస్య సంకేతాలుగా మార్చే ఎనిగ్మా యంత్రం గుట్టు మొదట 1932లో విప్పింది పోలండ్ లెక్కల మనిషి మారియన్ రెయెవ్‌స్కీ, కాబట్టి లెక్కలంటే భయం ఉంటే ఇప్పుడే పోగొట్టుకో. కేంద్ర ఇంటెలిజెన్స్ బ్యూరోలో అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పోస్టులకి డిగ్రీ కావాలి, రాత పరీక్ష ఉంటుంది, ఆడవాళ్ళూ రాయొచ్చు. ఏ డిగ్రీ అయినా సరే, దానితో పాటు ఇంకో భాష బాగా నేర్చుకో. హిందీ, ఉర్దూ, చైనీస్, ఏదైనా సరే, పేపర్ చదివి అర్థం చేసుకునేంత రావాలి. రోజూ ఒకే వార్తని రెండు వేర్వేరు పేపర్లలో చదివి, ఒక దాంట్లో ఉండి రెండో దాంట్లో లేనిది ఏమిటో నోట్ బుక్‌లో రాసుకో. మూడు నెలలు రాశాక ఆ నోట్ బుక్ మీ సోషల్ టీచర్‌కి చూపించు.